గుంజకు కట్టిన గుడ్డ

నిన్న సాయంత్రం ఏలూరులో వాన పడి వెలిసింది. బడి నుంచి వచ్చి తాళం తీయబోతుంటే తడిసిన నూలుగుడ్డ వాసన తగిలింది. మా గుమ్మం పక్క కిటికీ ఊచకు ఎర్ర గుడ్డపేలిక ఒకటి కట్టి ఉంది. జల్లుకు బాగా నాని, చివర్నుంచి నీళ్ళు కారుతున్నాయి. అది మా అమ్మాయిది. పదిహేడేళ్ళ పిల్ల, ఇంటర్ చదువుతోంది. ఊచకు దాని గుడ్డ ఉందంటే అది బయటికి వెళ్ళిందని, తిరిగి వస్తుందని అర్థం. ఎక్కడికి వెళ్ళిందో గుడ్డ చెప్పదు. నా చెయ్యి సంచిలోని ఫోన్ దగ్గరకు వెళ్ళింది. అమ్మాయి పేరు కూడా తీశాను. నొక్కకుండా మళ్ళీ సంచిలో పడేసి లోపలికి వెళ్ళాను.

మా ఇంటికి వచ్చినవాళ్ళు ఆ ఊచకేసి చూసి ఇదేం మొక్కుబడండీ అని అడుగుతుంటారు. నాది పసుపు పేలిక, మా ఆయనది పాత గళ్ళ లుంగీ ముక్క. ఇంట్లో ఎవరూ లేరని దొంగలకు మనమే చెప్పినట్టుందని ఆయన పెళ్ళయిన కొత్తలో వేళాకోళం చేసేవారు. ఇప్పుడు ఆయనే మరిచిపోకుండా కడతారు. ఫోన్లు ఉండగా ఇదెందుకంటే నేను ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటాను. సరిగ్గా చెప్పాలంటే కరుణమ్మ టీచరు గారి గురించి చెప్పాలి, అది గుమ్మంలో నిలబడి చెప్పే సంగతి కాదు.

రెండువేల మూడులో నాకు టీచరు ఉద్యోగం వచ్చింది. కొల్లేటి మధ్య ఒక లంక ఊరు, ఇద్దరు టీచర్ల బడి. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. మాది తాడేపల్లిగూడెం. నాన్నగారు రైసు మిల్లులో గుమస్తా. మా ఇంట్లో ఆడపిల్లను తిట్టడం లేదు, కొట్టడం అసలే లేదు. ఉన్నదల్లా అడగడం. వీధి చివరి కొట్లో సూది కొనుక్కోవాలన్నా నేను అమ్మను అడగాలి, అమ్మ నాన్నగారిని అడగాలి, నాన్నగారు పెద్దాడిని తోడు తీసుకెళ్ళమనాలి, మా అన్నయ్య చొక్కా వేసుకోవాలి. ఇంత తతంగం ముగిసేసరికి సూదితో పని తీరిపోయేది. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. నేనంటే ప్రాణం. ఆ ప్రాణమే నాకు ఊపిరాడనిచ్చేది కాదు.

అందుకే బస్సు దిగాక పడవెక్కి వెళ్ళాల్సిన ఊరని తెలిసి అమ్మ కళ్ళు తుడుచుకుంటుంటే నేను లోలోపల పొంగిపోయాను. చుట్టూ నీళ్ళున్న ఊరు. నన్ను అడిగేవాళ్ళు ఆ నీళ్ళు దాటి రాలేరు. ఇకమీదట ఎక్కడికి వెళ్ళినా ఎవరితోనూ ఒక్క ముక్క చెప్పనని కైకలూరు బస్సులో కిటికీ పక్కన కూర్చుని గట్టిగా అనుకున్నాను.

పడవ ఒడ్డుకు చేరేసరికి రేవులో గొడుగు పట్టుకుని ఒకావిడ నిలబడి ఉంది. పొట్టి మనిషి, నలుపు, చేతికి మగవాళ్ళ గడియారం, తడవకుండా ఎత్తి దోపిన నేతచీర. ఆవిడే మా హెడ్మాస్టరు, కరుణమ్మ గారు. యాభై దాటాయి. పెళ్ళి చేసుకోలేదు. తన ఇంట్లో ఉండమని ఏలూరులో ఉన్న తమ్ముడు ఎన్నిసార్లు పిలిచినా వెళ్ళలేదు. చర్చి వెనక ఆవిడ పెంకుటింట్లో ఒక గది నాకిచ్చారు. ఆవిడ కంటే దాదాపు ముప్ఫై ఏళ్ళు చిన్నదాన్నయినా నన్ను ఒక్కసారి కూడా నువ్వు అనలేదు.

"ఆ రెండో మెట్టును నమ్మకండి టీచరు గారూ, నాచు పట్టింది. నా చెయ్యి పట్టుకోండి," అన్నారు. ఆవిడ నోట నేను విన్న మొదటి మాట అది. నేను చెయ్యి పట్టుకోలేదు. రెండో మెట్టు మీద జారి మోకాలు గీరుకుపోయింది. ఆవిడ గొడుగు నా మీదికి వంచారు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం నన్ను వెనక రేవుకు తీసుకెళ్ళారు. అక్కడ నీళ్ళలో వరసగా కర్రగుంజలు, ఒక్కో ఇంటి దోనె ఒక్కో గుంజకు కట్టి ఉంది. దోనె అంటే ఇద్దరు ముగ్గురు కూర్చునే చిన్న పడవ, గెడతో నేలను తోస్తూ నడుపుతారు. కొన్ని గుంజలకు దోనెలు లేవు, వాటికి రంగురంగుల గుడ్డపేలికలు కట్టి ఉన్నాయి. దోనె తీసుకుని వెళ్ళేవాళ్ళు గుంజకు తమ గుడ్డ కట్టి వెళ్తారు, తిరిగొచ్చాక తామే విప్పుకుంటారు. ఎవరి గుడ్డ ఏదో ఊళ్ళో అందరికీ తెలుసు. పొద్దు గూకే వేళకు ఇంకా గుడ్డ ఉండిపోతే, ఆ సమయానికి రేవులో ఉన్నవాళ్ళు దోనె తీసి వెతకడానికి వెళ్తారు. కొల్లేట్లో పొద్దున ఉన్న దారిని సాయంత్రానికి నీళ్ళ మీద తేలే గుర్రపుడెక్క కప్పేస్తుంది, అందుకే ఆ ఏర్పాటు. కరుణమ్మ గారిది ఆకుపచ్చ గుడ్డ. నా కోసం ఒక పసుపు పేలిక చింపి తెచ్చారు.

"ఇది మీదండి. మా దోనె ఎప్పుడు కావాలన్నా తీసుకెళ్ళండి."

"ఎవరికి చెప్పి కట్టాలండీ?" అన్నాను.

"ఎవరికీ చెప్పక్కర్లేదండి. కట్టడమే చెప్పడం."

"ఎక్కడికి వెళ్తున్నానో?"

"అది మీ ఇష్టం. వెళ్ళారని తెలిస్తే మాకు చాలండి."

నాకు అది మెడకు కట్టే పలుపులాగే కనిపించింది. నవ్వుతూ తీసుకుని, గదిలోకి వచ్చి ట్రంకు పెట్టె అడుక్కి తోసేశాను.

ఆ ఊళ్ళో మనుషులు దాన్ని ఎలా వాడుకుంటారో అర్థం కావడానికి నాకు కొంతకాలం పట్టింది. బడి పక్కింట్లో నాగమణి, సూర్రావు అని మొగుడూ పెళ్ళాలు ఉండేవారు. ఒకరోజు మధ్యాహ్నం మేము పాఠం ఆపుకోవాల్సినంత గట్టిగా పోట్లాడుకున్నారు. నాగమణి విసురుగా రేవుకు వెళ్ళి, పూల చీర పేలిక గుంజకు బిగించి, దోనె తోసుకుని వెళ్ళిపోయింది. సాయంత్రం బడి వదిలాక నేను అటు వెళితే సూర్రావు రేవు మెట్టు మీద గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఎక్కడికి వెళ్ళిందో కనుక్కోలేదా అని అడిగాను.

"ఎందుకండీ? గుడ్డ కట్టింది కదండి. కోపం ఉంటే ఉందిగాని, వత్తానని చెప్పేగా ఎల్లింది," అన్నాడు.

చీకటి పడకముందే ఆమె వచ్చింది. అతను లేచి దోనె ముందు కొస పట్టుకున్నాడు. ఆమె తన గుడ్డ తను విప్పుకుని, కొంగుకు తుడుచుకుని ఇంటికి నడిచింది. ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. మా ఇంట్లో అయితే దీనికి వారం రోజుల విచారణ జరిగేది.

కరుణమ్మ గారు కూడా వారానికో సాయంత్రం ఆకుపచ్చ గుడ్డ కట్టి ఒంటరిగా నీళ్ళ మీదికి వెళ్ళేవారు. గంటో గంటన్నరో ఉండి, ముఖం తేటపడి తిరిగొచ్చేవారు. ఎక్కడికి వెళ్తారని పిల్లల్ని అడిగాను. వాళ్ళకు తెలియదు, తెలుసుకోవాలని కూడా వాళ్ళకు తోచలేదు. ఆవిణ్ణే అడిగాను. "తిరిగొచ్చేశాను కదండీ," అని నవ్వారు. యాభై ఏళ్ళ మనిషి, ఒంటరి ఆడది, ఊరంతా చూస్తుండగా ఎక్కడికో వెళ్ళివస్తుంటే ఆ ఊళ్ళో ఒక్క నోరూ పుకారు పుట్టించలేదు. నాకు ఆవిడంటే అసూయగా ఉండేది. ఆ గుడ్డకూ ఆ మర్యాదకూ ఏదో సంబంధం ఉందన్నది మాత్రం నా బుర్రకు ఎక్కలేదు.

దోనె నడపడం ఆవిడే నేర్పారు. "గెడ నేలను తాకాక తోసి, మెలిపెట్టి పైకి లాగాలండి. మెలిపెట్టడం మరిచిపోయారో, గెడను బురద ఉంచేసుకుంటుంది, మిమ్మల్ని దోనె తీసుకుపోతుంది," అనేవారు. నెల తిరిగేసరికి నాకు బాగానే వచ్చేసిందనుకున్నాను.

నవంబరులో ఒక రెండో శనివారం. కరుణమ్మ గారు బంధువుల ఇంట్లో పెళ్ళికి కైకలూరు వెళ్తున్నారు. సెలవు దొరికినప్పుడల్లా నేను గూడెం వెళ్ళాలన్నది ఇంట్లో షరతు. ఆ ఒక్కరోజు ఎవరికీ చెందకుండా ఉండాలని నాకు బుద్ధి పుట్టింది. ముందురోజే కొట్లోని ఫోన్ నుంచి గూడెం ఫోన్ చేసి బళ్ళో పనుంది, ఈ వారం రాలేనని చెప్పాను. కరుణమ్మ గారితో గూడెం వెళ్తున్నానన్నాను. ఆవిడ నమ్మి, అమ్మకు ఇమ్మని ఎండుచేపలు పొట్లం కట్టిస్తానన్నారు. మా ఇంట్లో తినరండీ అంటే నొచ్చుకుని, ఆ సంగతి మరిచిపోయానన్నారు. ఆవిడ పడవెక్కి వెళ్ళాక, ఊళ్ళోవాళ్ళు పనుల మీద సర్దుకున్నాక, నేను వెనక రేవుకు వెళ్ళి దోనె విప్పాను. గుంజకు ఏమీ కట్టలేదు. పసుపు గుడ్డ ట్రంకు పెట్టెలోనే ఉంది.

మొదటి రెండు గంటలు నా జీవితంలో అంత సుఖం నేను ఎరగను. ఎండ మెత్తగా ఉంది. దూరంగా గూడబాతులు నీళ్ళ మీద గుంపుగా కూర్చుని ఉన్నాయి. ఇంకాస్త దగ్గరకు వెళ్దామని తోస్తూ, వాటినే చూస్తూ, మెలిపెట్టకుండా గెడ లాగాను. రాలేదు. మళ్ళీ లాగాను. దోనె ముందుకు జారింది, గెడ చేతిలోంచి వెళ్ళిపోయింది. బురదలో నిటారుగా నిలబడి ఉంది, నేను దూరమైపోతున్నాను. గాలి నన్ను తీసుకెళ్ళి గుర్రపుడెక్కలో పడేసింది. వెనక నుంచి ఇంకా డెక్క వచ్చి మూసుకుంది. చేతులతో తోస్తే అరచేతులు గీరుకుపోయాయిగాని దోనె జానెడు కూడా కదల్లేదు. దిగితే నడుము దాకా బురద.

కాసేపు నా మీద నాకే నవ్వొచ్చింది. తర్వాత ఎవరు వస్తారా అని ఆలోచించడం మొదలుపెట్టాను. అమ్మావాళ్ళు నేను లంకలో ఉన్నాననుకుంటున్నారు. లంకలోవాళ్ళు నేను గూడెంలో ఉన్నాననుకుంటున్నారు. సోమవారం బడిగంట కొట్టేదాకా నేను లేనన్న సంగతి ఎవరికీ తెలియదు. నా కోసం వెతికే మనిషి ఆ క్షణాన ఈ భూమ్మీద ఒక్కరు లేరు. ఇరవై నాలుగేళ్ళుగా నేను కోరుకున్నది సరిగ్గా ఇదే కదా అనిపించింది. గట్టిగా ఏడ్చాను. వినేవాళ్ళు లేరు కనుక సిగ్గుపడలేదు.

పొద్దు వాలుతుండగా ఎక్కడి నుంచో పాట వినిపించింది. చర్చిలో పాడే పాటే, కాని అంత అపస్వరంగా ఎవరూ పాడగా నేను వినలేదు. ఒక్క చరణానికి నాలుగు శ్రుతులు మారుతోంది. డెక్క చీల్చుకుంటూ నాగమణి వాళ్ళ దోనె వచ్చింది. అందులో నిలబడి గెడ వేస్తున్నది కరుణమ్మ గారు, పెళ్ళికి కట్టుకెళ్ళిన పట్టుచీర మోకాళ్ళ దాకా తడిసి ఉంది. నన్ను చూసి పాట ఆపారు.

"లేవకండి టీచరు గారూ. అలాగే కూర్చోండి. నేనే వస్తాను."

ముందు నీళ్ళు తాగించారు. తర్వాత నా అరచేతులు తిప్పి చూసి, జేబురుమాలు చింపి కట్టారు. ఎలా కనుక్కున్నారని అడిగాను.

"నేను వచ్చేసరికి మన దోనె లేదండి. తాడు జారి కొట్టుకుపోయిందన్నాడు సూర్రావు, రేపు పొద్దున్న వెతికిస్తానన్నాడు. గుడ్డ లేదు కదండీ, మనిషి వెళ్ళారని ఎవరనుకుంటారు? నేను గెడ కోసం చూశాను. అదీ లేదు. కొట్టుకుపోయే దోనె గెడను పట్టుకెళ్ళదు కదండీ. గుడ్డ కట్టకుండా గెడ పట్టుకెళ్ళే మనిషి మన ఊళ్ళో ఒక్కరే ఉన్నారు."

"మరి ఆ పాట?"

ఆవిడ కాస్త సిగ్గుపడ్డారు. "చర్చిలో పాస్టరు గారు, అమ్మగారూ మీరు వాక్యం చదవండి, పాటలు మావాళ్ళు పాడతారు అన్నారండి, పదేళ్ళ కిందట. చాలా మర్యాదగానే అన్నారు. నాకేమో పాడకపోతే ఉండబట్టదు. అందుకని నీళ్ళ మీదికి వస్తుంటాను. ఇవాళ మీకు వినబడాలని పాడాను."

ఆవిడ వారం వారం వెళ్ళే రహస్యం అదీ. ఏడుపులోనే నాకు నవ్వొచ్చింది. నా దోనెను వెనక కట్టుకుని తిరుగు ప్రయాణమయ్యాక అసలు భయం పట్టుకుంది. ఈ సంగతి ఇంట్లో తెలిస్తే నా ఉద్యోగం ఆ రోజుతో సరి.

"మా ఇంట్లో చెప్పకండి మేడం," అన్నాను.

"నేను చెప్పనండి," అన్నారు. గుండె కుదుటపడేలోపే, "మీరు చెప్పండి," అన్నారు.

"చెబితే మాన్పించేస్తారండీ. మీకు తెలియదు."

"మాన్పించొచ్చు. అది నేను కాదననండి." నాలుగు గెడలు వేశారు. "మీ ఇంట్లో అడగడాన్నీ చెప్పడాన్నీ కలిపి ఒకే మూట కట్టేశారు. మూట బరువుగా ఉందని మీరు మొత్తం నీళ్ళలోకి విసిరేశారు. ఆ రెండూ వేరండి. అడిగితే అవతలివాళ్ళు వద్దనచ్చు. చెబితే వద్దనడానికి ఏమీ ఉండదు, కనిపెట్టుకుని ఉండటమే ఉంటుంది. నేను నా ఇష్టం వచ్చినట్టు బతుకుతున్నానని మీరు అనుకుంటారు చూడండి, నేను పొద్దు గూకేదాకా రాకపోతే వచ్చేవాళ్ళు నలుగురున్నారని తెలిసే అంత దూరం వెళ్తున్నానండి."

నాకు కోపం వచ్చింది. ఆ ఆదివారమంతా ఆవిడతో మాట్లాడలేదు. ఆవిడ మామూలుగానే అన్నం వండి పిలిచారు. సోమవారం బడి వదిలాక కొట్టుకు వెళ్ళి ఫోన్ చేశాను. అబద్ధమాడిన సంగతితో సహా నాన్నగారికి అంతా చెప్పాను. విని ఆయన ఫోన్ పెట్టేశారు.

బుధవారం మధ్యాహ్నం మా అన్నయ్య పడవ దిగాడు. బడి వరండాలోకి వచ్చి నిలబడ్డాడు. రెండురోజులుగా నిద్ర లేని ముఖం.

"సామాన్లు సర్దుకో అమ్మాయ్. నాన్నగారు అన్నం సరిగ్గా తినట్లేదు," అన్నాడు. కరుణమ్మ గారి వైపు తిరిగి, "మీరు పెద్దవారు. ఎక్కడికెళ్తోందో మీరైనా అడగాలి కదండీ?" అన్నాడు.

"అడగను బాబూ. ఆవిడ నా తోటి టీచరు," అన్నారు ఆవిడ మెల్లగా. "చెప్పకుండా వెళ్ళడం తప్పేనండి. అడగకపోవడం తప్పని మాత్రం నేననను." అంత మాత్రమే అని తరగతిలోకి వెళ్ళిపోయారు. నాకోసం ఇంకొంచెం వాదిస్తారని ఆశపడ్డాను. ఆవిడ వాదించలేదు. మిగతాది నా పని.

"అన్నయ్యా, నేను రాను," అన్నాను. "ఇకనుంచి ఎక్కడికెళ్ళినా మీకు చెప్తాను. ఒక్కసారి కూడా దాచను. కాని వెళ్ళనా అని అడగను."

వాడు నా చేతులకున్న కట్ల వైపు చూశాడు. "ఆ గుడ్డేదో కట్టలేదన్నావు ఫోన్లో. ఏదీ?" అన్నాడు. ట్రంకు పెట్టె అడుగు నుంచి తీసి చూపించాను. రేవుకు పదమన్నాడు. అక్కడ మా గుంజను పట్టుకుని ఊపి చూశాడు. "ఇది వదులుగా ఉందే," అని, సూర్రావును అడిగి పెద్ద సుత్తి తెచ్చి, పంట్లాం తడుపుకుని నీళ్ళలోకి దిగి, ఆ గుంజను జానెడు లోతుకు దిగగొట్టాడు. మళ్ళీ ఊపి చూశాడు. కదల్లేదు. సామాన్ల మాట ఎత్తకుండా సాయంత్రం పడవకు వెళ్ళిపోయాడు. నాన్నగారికి ఏం చెప్పాడో నాకిప్పటికీ తెలియదు. ప్రతి శనివారం నేను ఫోన్ చేసి వస్తున్నదీ రానిదీ చెప్పేదాన్ని. మొదట్లో ఆయన ఊఁ అని పెట్టేసేవారు. ఏడాది తర్వాత, "సరే, జాగ్రత్త," అనడం మొదలుపెట్టారు.

ఆ లంకలో ఐదేళ్ళు పనిచేశాను. నాకు బదిలీ అయిన మరుసటి ఏడాది, ఇంకొన్ని నెలల్లో రిటైరవుతారనగా, కరుణమ్మ గారు గుండెనొప్పి వచ్చి పోయారు. తెలిసి నేను వెళ్ళేసరికి సమాధి కార్యక్రమం అయిపోయింది. మనసు ఆగక వెనక రేవుకు నడిచాను. ఆవిడ దోనె గుంజకు కట్టి ఉంది. దాని పైన ఆకుపచ్చ గుడ్డ కూడా కట్టి ఉంది. నాగమణి అక్కడే గిన్నెలు తోముకుంటోంది.

"ఎవురు కట్టారో తెలీదండి," అంది. "ఎవురి గుడ్డ ఆళ్ళే ఇప్పుకోవాలి కదండి. అందుకని ఎవురం ముట్టుకోలేదు."

నేనూ ముట్టుకోలేదు. మెట్టు మీద కూర్చుని తనివితీరా ఏడ్చాను. ఆ తర్వాత వెళ్ళినవాళ్ళు చెప్పారు, ఎండకీ వానకీ చివికిపోయి దానంతట అది రాలిపోయేదాకా అది అక్కడే ఉందట.

ఆవిడ నాకు నేర్పింది చెప్పి వెళ్ళడం. అది వంటబట్టిందనే అనుకుంటున్నాను. రెండో సగం, అడగకుండా ఉండటం, ఎంత కష్టమో ఎదిగిన ఆడపిల్ల ఇంట్లో ఉన్నప్పుడుగాని తెలియలేదు. నిన్న బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాను. బయటికి వచ్చి ఆకాశం చూశాను. పొద్దు గూకడానికి ఇంకా అరగంట ఉంది. అంతదాకా ఆ పిల్లను వెతికే హక్కు నాకు లేదు. గుమ్మంలో కూర్చున్నాను. అమ్మ నా కోసం ఇలా ఎన్ని సాయంత్రాలు కూర్చుందో లెక్కలేదు.

వీధి దీపాలు వెలిగే వేళకు మా అమ్మాయి వచ్చింది. చెప్పులు విడిచి, ఊచకున్న ఎర్ర గుడ్డ విప్పి, నీళ్ళు పిండి దులిపింది. "అమ్మా, ఆకలేస్తోంది," అంది. ఎక్కడికి వెళ్ళావన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"కాళ్ళు కడుక్కుని రా, వడ్డిస్తాను," అన్నాను.